కథ చెప్పేవాడు ఎక్కడ నిలబడ్డాడు?

కొత్తగా కథలు రాస్తున్నవాళ్ళను తమ కథ ఎందుకు కుదరలేదని అడిగితే రకరకాల జవాబులు వస్తాయి. కథ మొదలుపెట్టే ఎత్తుగడ బాగా రాలేదని ఒకరు, సంభాషణలు నాటకంలో మాటల్లా ఉన్నాయని ఇంకొకరు అంటారు. మధ్యలో సమాచారం ఎక్కువైపోయిందని, ముగింపు ఉపన్యాసంలా తయారైందని, యాస పెట్టాలో వద్దో తేలడం లేదని మరికొందరు వాపోతారు. వీటిని విడివిడి జబ్బులుగా చూసి దేనికి తగిన మందు దానికి చెప్పేవాళ్ళకు కొదవ లేదు. అయితే తిరుపతి, చిత్తూరు ప్రాంతాల నుంచి వచ్చే కొత్త కథల రాతప్రతులను వరసగా చదువుతూ పోతే వీటిలో చాలావాటికి మూలం ఒకటేనని అర్థమవుతుంది. కథ ఎవరు చెబుతున్నారో, ఆ చెప్పే మనిషి ఎక్కడ నిలబడి చూస్తున్నాడో, అతనికి ఎంత తెలుసో, ఎంత తెలియదో రచయిత ముందుగా తేల్చుకోకపోవడమే ఆ మూలం. విమర్శకులు దృష్టికోణం అనేది దీన్నే.

బడిలో మనకు నేర్పింది పురుషల లెక్క ఒక్కటే. "నేను" అని రాస్తే ఉత్తమ పురుష, "అతడు", "ఆమె" అని రాస్తే ప్రథమ పురుష. ఈ రెంటిలో ఒకటి ఎంచుకోగానే దృష్టికోణం పని అయిపోయిందని చాలామంది అనుకుంటారు. అసలు చిక్కు అక్కడే మొదలవుతుంది. ప్రథమ పురుషలో రాసిన కథ ఊరంతా ఎరిగిన పెద్దమనిషి చెప్పినట్టు ఉండవచ్చు. అతడు ఎవరింట్లోకైనా పోగలడు, ఎవరి మనసులో మాటైనా బయటపెట్టగలడు, పదేళ్ళ తర్వాత జరగబోయేది ముందే చెప్పగలడు. అదే ప్రథమ పురుష ఒకే పాత్రను అంటిపెట్టుకుని నడవవచ్చు. అప్పుడు ఆ పాత్ర చూడనిది కథలో కనబడదు, ఆ పాత్రకు తెలియనిది పాఠకుడికీ తెలియదు. ఎవరి మనసులోకీ పోకుండా, కంటికి కనబడినదీ చెవిన పడినదీ మాత్రమే చెప్పి ఊరుకునే పద్ధతి మూడోది. మూడూ మంచివే, మూడింటిలోనూ గొప్ప కథలు వచ్చాయి. రచయితకే తెలియకుండా ఒకే పేరాలో ఈ మూడూ కలిసిపోయినప్పుడు కథ పలచబడుతుంది.

ఒక కథ అనుకుందాం. బంగారుపాళెం దగ్గరి పల్లె నుంచి చెంగల్రాయులు అనే రైతు ట్రాక్టరు నిండా తోతాపురి మామిడికాయలు వేసుకుని గుజ్జు ఫ్యాక్టరీకి వచ్చాడు. గేటు బయట బండ్లు బారులు తీరి ఉన్నాయి. టోకెను చేతిలో ఉంది గానీ పిలుపు రాలేదు, ఇది రెండో రాత్రి. ఇలాంటి కథ మొదటి రాతప్రతిలో సాధారణంగా ఈ విధంగా నడుస్తుంది:

"చెంగల్రాయులు ట్రాక్టరు దిగి గేటు వైపు చూశాడు. చిత్తూరు జిల్లాలో వేల ఎకరాల్లో తోతాపురి మామిడి సాగవుతోంది. ఏటా జూన్, జూలై నెలల్లో గుజ్జు ఫ్యాక్టరీల ముందు ఇదే పరిస్థితి. కాయలు చెడిపోతాయేమోనని అతనికి భయం వేసింది. ముసలాయన్ని చూసి వాచ్‌మన్‌కు జాలేసింది గానీ, తన ఉద్యోగం గుర్తొచ్చి ఊరుకున్నాడు. ఆ రాత్రి తన బతుకును మార్చేస్తుందని పాపం చెంగల్రాయులుకు తెలియదు."

మొదటి వాక్యం బయట నిలబడి చూసినవాడిది. రెండు, మూడు వాక్యాలు పత్రికా విలేకరివి. నాలుగోది చెంగల్రాయులు మనసులోంచి, ఐదోది వాచ్‌మన్ మనసులోంచి వచ్చాయి. ఆరోది జరగబోయేదంతా తెలిసినవాడి మాట. అందులో "పాపం" అనడంతో రచయిత స్వయంగా వచ్చి పాత్రల మధ్య నిలబడ్డాడు. ఆరు వాక్యాల్లో పాఠకుడిని ఐదు చోట్లకు తిప్పారు. విడిగా చూస్తే ఏ వాక్యంలోనూ తప్పు లేదు. కానీ ఏ చోటా కుదురుగా నిలవనివ్వకపోవడం వల్ల, రెండు రాత్రులు గేటు ముందు పడిగాపులు కాయడం ఎట్లా ఉంటుందో పాఠకుడికి తెలిసే అవకాశం పోయింది. అదే సంఘటనను చెంగల్రాయులును విడవకుండా రాస్తే ఇట్లా ఉండవచ్చు:

"గేటు పక్కన పలక మీద సుద్దతో రాసిన అంకె నిన్న సాయంత్రానిదే. చెంగల్రాయులు బండి వెనక్కి పోయి, టార్పాలిన్ కిందికి చెయ్యి దూర్చాడు. పై కాయలు చల్లగానే ఉన్నాయి. మోచేతి దాకా దూర్చాక వేడి తగిలింది. ఒక కాయను బయటికి లాగి, తొడిమ దగ్గర బొటనవేలితో నొక్కి చూసి, మళ్ళీ అక్కడే పెట్టేశాడు. వాచ్‌మన్ తన కుర్చీని రోడ్డు వైపు నుంచి గోడ వైపుకు తిప్పుకుని కూర్చున్నాడు."

భయం అన్న మాట పోయింది, చెయ్యి మోచేతి దాకా దిగింది. జాలి అన్న మాట పోయింది, కుర్చీ గోడ వైపుకు తిరిగింది. వాచ్‌మన్ మనసులో ఏముందో చెంగల్రాయులుకు తెలియదు కాబట్టి కథకూ తెలియదు. జాలో, విసుగో, సిగ్గో పాఠకుడే ఊహించుకోవాలి. వర్ణించి చెప్పకుండా చూపించమని కొత్తవాళ్ళకు అందరూ ఇచ్చే సలహా ఒకటుంది. ఆ సలహా విని ప్రతి కనుబొమ్మ కదలికనూ రాసేవాళ్ళున్నారు. ఎవరి కళ్ళతో చూపించాలో తేల్చుకుంటే ఏది చూపించాలో దానంతటదే తేలిపోతుందని ఆ సలహాతో పాటు చెప్పి ఉంటే బాగుండేది.

ఇదే రాత్రిని కొడుకు చెప్పాడనుకుందాం. "మా నాయన టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి చూసినాడు. కాయ ఎట్లుందో నేను అడగలా. అడిగితే నా మొగం చూడాల. మండీలో తోలేద్దాం నాయనా అని మొన్న పొద్దన్నే చెప్తి, ఇనలా. లోపల కాటా చెడిపోయిందంట." కథ మొత్తం మారిపోయింది. ఇక్కడ కాయల వేడి మనకు తెలియదు, తండ్రీకొడుకుల మధ్య నలుగుతున్న మాట తెలిసింది. చివర్లో ఉన్న "అంట" మీద కొంచెం ఆగాలి. కళ్ళారా చూసిన దానికీ, ఎవరో చెప్పగా విన్న దానికీ మధ్య తేడాను తెలుగు క్రియ చివర ఒక్క చిన్న ప్రత్యయం తేల్చేస్తుంది. గేటు బయట నిలబడినవాళ్ళకు లోపల ఏం జరుగుతోందో తెలియదు కాబట్టి కాటా చెడిపోయిందంట, ఓనరు రాలేదంట, ధర రేపటి నుంచి తగ్గిస్తారంట అన్న మాటలే వరస పొడుగునా తిరుగుతుంటాయి. అన్నీ తెలిసినవాడు చెప్పే కథలో ఈ పుకార్లకు చోటు లేదు, ఎందుకంటే అతనికి నిజం తెలుసు. తెలియనితనమే కథను నడిపించాల్సిన చోట అన్నీ తెలిసిన కథకుడిని తెచ్చి పెట్టడం మనం తరచూ చూసే పొరపాటు.

ఎత్తుగడలో వచ్చే చిక్కు కూడా దీని నుంచి పుట్టినదే. చేతికి అందిన పది కథల్లో సగం సూర్యోదయంతోనో, వానతోనో, బస్సు దుమ్ము రేపుకుంటూ ఊళ్ళోకి రావడంతోనో మొదలవుతాయి. ఎవరి పక్కన నిలబడాలో రచయిత ఇంకా నిర్ణయించుకోలేదు కాబట్టి, ఎవరికీ చెందని ఆకాశాన్ని ముందుగా వర్ణిస్తూ కాలయాపన చేస్తున్నాడన్నమాట. శేషాచలం కొండలను తిరుపతి కథల్లో వర్ణించే తీరు చూడండి. బైరాగిపట్టెడలో పుట్టి పెరిగినవాడు పొద్దున్నే తలుపు తీసి కొండను చూసి పరవశించడు; అతనికి కొండ అంటే "పైన డ్యూటీ", "కొండకు పోయినాడు, రాత్రికి గానీ రాడు" అన్న మాటలు. కొండను కళ్ళు విప్పార్చుకుని చూసేది శ్రీకాకుళం నుంచి రాత్రంతా రైల్లో కూర్చుని వచ్చిన మనిషి. అలిపిరి దారిలో 3,550 మెట్లున్నాయన్న లెక్క కూడా అంతే. మొక్కు తీర్చుకోవడానికి ప్రతి మెట్టుకూ పసుపు, కుంకుమ పెడుతూ వంగి లేచే ఆడమనిషికి ఆ అంకె నడుములో తెలుస్తుంది. అదే దారిలో దుకాణం పెట్టుకున్నవాడికి ఏ మలుపు దగ్గర జనం దాహమని ఆగుతారో తెలుసు గానీ మెట్ల లెక్కతో పని లేదు. వర్ణన బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి. ఆ వర్ణన ఎవరిది అన్న ప్రశ్నకు జవాబు రాకపోతే ఎంత అందమైన వాక్యమైనా కొట్టేయవలసిందే.

కథ ఇంకా మొదలుకాలేదని పట్టుకోవడానికి క్రియలు సాయపడతాయి. మొదటి రెండు పేజీల్లో క్రియల కింద గీతలు గీయండి. "లేచేవాడు", "వెళ్ళేది", "ఉండేవాళ్ళు", "అంటూ ఉండేది" అన్నవే వరసగా కనిపిస్తే అదంతా రోజూ జరిగేదాని పట్టిక. ఒక రోజు జరిగినది ఇంకా రాలేదు. "లేచాడు", "వెళ్ళింది", "అంది" అని మొదటిసారి ఎక్కడ కనిపించిందో అక్కడ గుర్తు పెట్టండి. చాలా కథలను ఆ గుర్తు దగ్గరే మొదలుపెట్టవచ్చు. పైనున్న పట్టికలో నిజంగా అవసరమైనవి రెండు మూడు వాక్యాలుంటే వాటిని తర్వాత ఎక్కడో ఒక చోట సర్దవచ్చు.

గతం చెప్పే పద్ధతిదీ ఇదే దారి. మన కథల్లో నాయకుడు బస్సెక్కి కిటికీ పక్కన కూర్చోగానే జ్ఞాపకాలు ముసురుకుంటాయి. తిరుపతి నుంచి చంద్రగిరి, పూతలపట్టు మీదుగా చిత్తూరు చేరేలోగా నలభై ఏళ్ళ జీవితం వరస తప్పకుండా, తేదీలతో సహా గుర్తుకొచ్చి, బస్టాండులో కండక్టరు తట్టి లేపగానే ఆగిపోతుంది. మనిషికి గతం అట్లా గుర్తుకు రాదు. ఎదురుగా ఉన్న ఏదో ఒక వస్తువు, ఒక మాట, ఒక వాసన దగ్గర ఒక ముక్క గుర్తుకొస్తుంది, అది కూడా తనకు అనుకూలంగా మారి వస్తుంది. కథకుడు పాత్రను విడిచిపెట్టి జీవిత చరిత్ర రాయడం మొదలుపెట్టాడు కాబట్టే ఆ బస్సు ప్రయాణం అంత పొడుగైంది.

ఒకే సన్నివేశంలో ఇద్దరి మనసుల్లోకి దూకడం అన్నది కొత్తవాళ్ళకే కాక చేయి తిరిగినవాళ్ళకూ వచ్చే ఇబ్బంది. తెలుగులో దీన్ని పట్టుకోవడం తేలిక. మన భాషలో మనసు తాలూకు సంగతులు ఎక్కువగా "అతనికి కోపం వచ్చింది", "ఆమెకు గుర్తొచ్చింది", "వాడికి భయమేసింది", "అనిపించింది" అన్న రూపంలో వస్తాయి. రాతప్రతిలో ఒక సన్నివేశం తీసుకుని ఇలాంటి క్రియలన్నింటికీ రంగు పెన్సిలుతో చుట్టు గీసి, ఒక్కొక్కటి ఎవరిదో పక్కన పేరు రాయండి. పేరు ఒకటే ఉంటే సరే. రెండు పేర్లు కనిపిస్తే ఆ రెండో మనిషి మనసును మొదటి మనిషి కళ్ళకు కనబడే పనిగా మార్చగలరేమో చూడండి. మార్చలేకపోతే ఆ సన్నివేశం రెండో మనిషిది కావాలేమో ఆలోచించండి. తక్కువలో తక్కువ, "అనిపించింది" అన్న మాటల్లో సగానికి సగం తీసేయవచ్చు. సన్నివేశం ఎవరిదో స్థిరపడిన తర్వాత "ఇల్లు ఖాళీగా ఉన్నట్టు ఆమెకు అనిపించింది" అనే బదులు "ఇల్లు ఖాళీగా ఉంది" అంటే చాలు, ఆ ఖాళీ ఎవరిదో పాఠకుడికి తెలుసు.

సర్వనామాల సంగతి మరీ సున్నితమైనది, దాన్ని గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. "వాడు", "అతడు", "ఆయన" అన్న మూడింటిలో ఏదో ఒకటి వాడకుండా తెలుగులో మగవాడి గురించి ఎక్కువసేపు చెప్పలేం. "అది", "ఆమె", "ఆవిడ" విషయమూ అంతే. అంటే, కథకుడు నోరు తెరవగానే తాను పాత్రకు పైన ఉన్నాడో, సమానంగా ఉన్నాడో, కింద ఉన్నాడో చెప్పేసినట్టే. ఒక కథలో "లెక్చరరు గారు లోపలికి వచ్చారు, ఊడ్చే మనిషి పక్కకు జరిగింది" అని ఉంటే, ఆ గౌరవంలోని తేడా పాత్రలది కాదు, చెబుతున్నవాడిది. కథ ఆ లెక్చరరు విద్యార్థి చెబుతున్నదైతే అది సహజం. ఎవరి పక్షమూ లేనట్టు నడిచే కథనంలో అట్లా ఉంటే మాత్రం రచయిత తన వీధినీ వర్గాన్నీ బయటపెట్టుకున్నాడు. పిల్లవాడు చెప్పే కథలోనైతే దీన్ని చక్కగా వాడుకోవచ్చు. "మా నాయన వచ్చినాడు" అనే పిల్లవాడికీ "మా నాన్నగారు వచ్చారు" అనే పిల్లవాడికీ ఇళ్ళు వేరని, ఆ ఇళ్ళలో తండ్రికీ బిడ్డకూ మధ్య ఉన్న దూరం వేరని వేరే వివరించాల్సిన పని లేదు. ఏ మాట పెట్టినా సరే, కథ మధ్యలో కారణం లేకుండా "అతడు" కాస్తా "ఆయన" కాకూడదు. కారణం ఉంటే అంతకన్నా బలమైన మలుపు ఉండదు.

ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడుకునే చోట ఇంకో తంటా వస్తుంది. "అంది" అన్న క్రియ ఇద్దరికీ సరిపోతుంది, "ఆమె" కూడా ఇద్దరికీ చెల్లుతుంది. దాంతో ప్రతి మాట పక్కనా పేరు రాయడమో, "అంది" మార్చి "నిట్టూర్చింది", "గద్దించింది", "వాపోయింది" అని అలంకరించడమో చేస్తారు. మన భాషలో వరసలు ఉన్నది ఎందుకు? "రేషను కార్డు యాడ పెట్టినావు మే?" "మీ బీరువాలోనే ఉండాది కదత్తా." మాట ఎవరిదో, ఇల్లు ఎవరిదో, బీరువా తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా తెలిసింది. నాలుగైదు మాటలకు ఒకసారి "అంది" వేస్తే సరిపోతుంది. పాఠకుడి కన్ను ఆ మాట మీద ఆగదు, అదే దానిలోని సుగుణం.

సమాచారం కుక్కేయడం గురించి అడగని రచయిత లేడు. ఏటా మే నెలలో జరిగే, భక్తులు రోజుకో వేషం కట్టే తిరుపతి గంగ జాతరను కథలో పెట్టాలనుకున్నవాడు తనకు తెలిసినదంతా చెప్పేదాకా నిద్రపోడు. మొదట బైరాగి వేషం, తర్వాత బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని వరస చెబుతాడు. బైరాగికి ఒంటి నిండా తెల్ల సుద్ద, బండకు కుంకుమ, తోటికి బొగ్గుపొడి అని రంగులు చెబుతాడు. గంగమ్మ సంహరించిన పాలెగాడి కథ చెబుతాడు, వేషగాళ్ళ బూతులకు కారణం చెబుతాడు. ఇంతలో కథలోని కుర్రవాడు ఎక్కడున్నాడో మనం మరిచిపోతాం. కథ గంగమ్మ గుడి ఉన్న తాతయ్యగుంట పక్క వీధిలో పుట్టిన కుర్రవాడిదైతే అతనికి ఇదంతా వివరించుకోవాల్సిన సంగతే కాదు. వాళ్ళమ్మ గిన్నెలో బొగ్గు నూరుతూ, "పోయినేడు నువ్వు చేసిన పనికి దండెం మీద గుడ్డలన్నీ నల్లబడె, ఈసారి గుడి కాడే కడుక్కోని రా" అని గొణిగితే చాలు. రంగు, రోజు, వేషం, కొడుకు మీద ఆమెకున్న విసుగు, దాని వెనక ఉన్న మురిపెం అన్నీ ఆ ఒక్క మాటలో ఉన్నాయి. పాలెగాడి కథ కావాల్సి వస్తే దాన్ని అడగగలిగిన మనిషిని, ఉదాహరణకు నెల్లూరు నుంచి మొదటిసారి వచ్చిన కొత్త అల్లుణ్ణి, తీసుకురావచ్చు. అయితే అతను అడగడం వల్ల కథలో ఇంకేదైనా కదలాలి. వివరణ కోసమే తెచ్చిన అల్లుడు వివరణ కాగానే చేయడానికి పని లేక నిలబడిపోతాడు.

తెలిసిన సంగతిని తెలియని మనిషి నోట పెట్టడం కూడా దీనికి దగ్గరి చిక్కే. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. 1995లో జరిగే కథలో పాత్ర నోట "మా తిరుపతి జిల్లా" అని వస్తే తప్పు. అదే కథను ఇప్పుడు గుర్తు చేసుకుని చెబుతున్న ముసలాయన "అప్పట్లో మాదీ చిత్తూరు జిల్లానే" అంటే అందులో వయసూ, కాలమూ, కొంచెం బెంగా కలిసి వినిపిస్తాయి. తేదీలు సరిచూసుకోవడం మంచిదే. ఆ తేదీ ఎవరి నోట వస్తోందో చూసుకోవడం అంతకన్నా ముందు చేయాల్సిన పని.

ఇక యాస. ఈ రెండు జిల్లాల రచయితలు ఎక్కువగా తర్జనభర్జన పడేది దీని గురించే, అందులో న్యాయముంది. 1911లో ఉత్తర ఆర్కాటు, కడప జిల్లాల నుంచి తాలూకాలు తెచ్చి కలిపి చిత్తూరు జిల్లాను ఏర్పరిచారు. 1960లో తిరుత్తణి మద్రాసు రాష్ట్రానికి పోయి సత్యవేడు ఇటు వచ్చింది. నగరి, సత్యవేడు వైపు ఇళ్ళలో తమిళం, కుప్పం, పలమనేరు వైపు తమిళంతో పాటు కన్నడం తెలుగు మాటల్లో కలిసి వినిపిస్తాయి. కాబట్టి "చిత్తూరు యాస" అని ఒక ముద్ద తీసి అందరి నోటా పెట్టడం కుదరదు. పాత్ర ఏ మండలం మనిషో తెలియకపోతే యాస జోలికి పోకుండా ఉండడమే మేలు.

యాసలో మొదట తేల్చుకోవాల్సింది కథకుడి భాష. కథనం చదువుకున్నవాళ్ళు వాడే శిష్ట వ్యావహారికంలో, సంభాషణ యాసలో నడపడం బాగా వాడుకలో ఉన్న పద్ధతి. చదవడానికి తేలిక, పత్రికలకూ ఇష్టం. కానీ దానికి ఒక ఖరీదు ఉంది. పాత్రలు ఒక చోట, కథకుడు చదువుకుని వాళ్ళకు దూరంగా ఇంకో చోట నిలబడినట్టు అవుతుంది. ఆ దూరం కథకు అవసరమైతే ఫరవాలేదు. ఊరు విడిచిపోయిన కొడుకు తిరిగి వచ్చి చెప్పే కథకు అది అచ్చంగా సరిపోతుంది. ఊరి మధ్యలోంచి చెప్పే కథకు సరిపోదు. దానికి కథనం కూడా యాసలోనే ఉండాలి. అప్పుడు ఖరీదు మరో రకంగా ఉంటుంది. బయటి జిల్లా పాఠకుడు మొదటి పేజీలో తడబడతాడు, కథకుడికి ఆ ఊరి మాటల్లో లేని ఆలోచన చెప్పే వీలు పోతుంది. "అస్తిత్వ వేదన" లాంటి మాటలు అక్కడ చెల్లవు. నా మటుకు అది నష్టంగా అనిపించదు.

యాసలో ఇంకో సంగతి గురించి కాస్త గట్టిగానే చెప్పాలి. మన కథల్లో యాస ఎవరికి పెడుతున్నామో గమనించండి. కూలివాడు, పనిమనిషి, ముసలవ్వ యాసలో మాట్లాడతారు. టీచరు, ఇంజనీరు, కాలేజీ అమ్మాయి పుస్తకంలో ఉన్నట్టు మాట్లాడతారు. తిరుపతిలో ఏ ఆఫీసులోనైనా అరగంట కూర్చుంటే ఇది అబద్ధమని తెలుస్తుంది. "మీరు ఎక్కడికి వెళ్తున్నారు సార్" అని కౌంటరు దగ్గర అడిగిన గుమాస్తాయే ఫోనులో తమ్ముడితో "యాడికి పోతా ఉండావురా, అమ్మ ఒక్కతే ఉండాది" అంటాడు. ఒకే మనిషి భాష ఎవరి ఎదుట ఎట్లా మారుతుందో రాస్తే అది పాత్ర చిత్రణ అవుతుంది. యాసను పేదరికానికి గుర్తుగా మాత్రమే వాడితే అది రచయిత చిన్నచూపు అవుతుంది, అతని ఉద్దేశం ఎంత మంచిదైనా సరే. రాసే తీరులోనూ మితం కావాలి. ప్రతి ఉచ్చారణనూ అక్షరాల్లో పట్టాలని చూస్తే పాఠకుడు కూడబలుక్కోవాల్సి వస్తుంది. క్రియ చివరలు (వచ్చినాడు, పోతా ఉండాడు, ఉండాది), పిలుపులు (అబ్బా, మే, నాయనా), వాక్యంలో మాటల వరస, ఈ మూడూ నిజాయితీగా ఉంటే మిగతాది పాఠకుడి చెవే పూరించుకుంటుంది.

ముగింపు దగ్గర కథకుడు తన చోటు విడిచిపెట్టడం దాదాపు అలవాటుగా మారింది. పదిహేను పేజీల పాటు చెంగల్రాయులును విడవకుండా నడిచిన కథ చివరి పేరాలో ఒక్కసారిగా ఆకాశానికి ఎగిరి, దేశానికి వెన్నెముక అయిన రైతు కన్నీళ్ళకు విలువ ఎప్పుడని అడుగుతుంది. ఆ ప్రశ్న చెంగల్రాయులుది కాదు. అతని ప్రశ్న వేరే ఉంది: పొద్దున గేటు తెరిచాక సగం కాయలు ఏరి పారేసి మిగతా సగం కాటా వేయించాలా, కొడుకు మొన్ననే చెప్పినట్టు మండీకి తోలాలా, తోలితే కొడుకు ముందు ఓడిపోయినట్టు అవుతుందా. కథ అక్కడి దాకా వచ్చి, అతను కొడుకును నిద్ర లేపి తాళం చెవి చేతికిస్తే చాలు. ఎటు తోలమన్నాడో చెప్పాలా వద్దా అన్నది రచయిత ఇష్టం. నేనైతే చెబుతాను, దాచిపెట్టి లోతు తెచ్చుకోవడం నాకు నచ్చదు. కానీ దాని మీద వ్యాఖ్య చేయను. ఊరంతా ఎరిగిన పెద్దమనిషి చెప్పే కథలో మాత్రం చివర ఒక మాట అనే హక్కు అతనికి ఉంది, ఎందుకంటే మొదటి వాక్యం నుంచీ అతను అట్లా అంటూనే ఉన్నాడు. ఆ హక్కు మొదటి పేజీలో సంపాదించుకోవాలి, చివరి పేజీలో అప్పు తెచ్చుకుంటే చెల్లదు.

పెద్ద కథల్లో, నవలల్లో ఒకరి నుంచి ఇంకొకరికి మారడం తప్పనిసరి కావచ్చు. మారినప్పుడు ఒక ఖాళీ పంక్తో, కొత్త అధ్యాయమో పెట్టి, మొదటి రెండు వాక్యాల్లోనే ఇప్పుడు ఎవరి దగ్గర ఉన్నామో పాఠకుడికి తెలియనివ్వాలి. మారిన తర్వాత కొత్తగా ఏదైనా తెలియాలి కూడా. తండ్రి చెప్పిందే కొడుకు మళ్ళీ చెబితే రెండోది అనవసరం. తండ్రికి తెలియనిది, కొడుకు దాచినది ఒకటి బయటపడితేనే ఆ మార్పుకు అర్థం.

సగం రాశాక కథ తప్పు మనిషి పక్కన నిలబడిందని తెలిస్తే ఏం చేయాలన్నది చివరగా మిగిలే ప్రశ్న. ఉన్న ప్రతిలో "అతడు" ఉన్న చోటల్లా "నేను" అని మార్చుకుంటూ పోవడం అందరూ మొదట చేసే పని, దాని వల్ల లాభం లేదు. సర్వనామం మారుతుంది గానీ చూపు మారదు. "నేను దిగులుగా తల దించుకుని నడిచాను" లాంటి వాక్యాలు మిగిలిపోతాయి, తన దిగులు మొహం తనకే కనబడుతున్నట్టు. పాత ప్రతిని పక్కన పెట్టి, ఎంచుకున్న మనిషి దగ్గర నిలబడి, ఒక్క సన్నివేశాన్ని మాత్రం దాన్ని చూడకుండా మళ్ళీ రాయండి. రాశాక రెంటినీ పక్కపక్కన పెట్టి, కొత్తదానిలోకి రాని వాక్యాలు ఏవో చూడండి. వాటిలో కథకు నిజంగా కావలసినవి ఒకటో రెండో ఉంటాయి. మిగతావి రచయిత చెప్పాలనుకున్నవి, పాత్రకు అక్కర్లేనివి. ఆ ఒకటి రెండింటిని తీసుకుని మిగతా సన్నివేశాలకు పోవచ్చు.